మా ఇంటి ఉల్లిపొట్టు రంగు

నేను లాండ్రీ షాపులో పనిచేస్తాను. జనం బట్టల మీద పడ్డ మరకలు వదిలించడం నా బతుకుతెరువు. కూర మరక, సిరా మరక, ఇనుప తుప్పు మరక, దేని మందు దానికి వేరు. అలాంటిదాన్ని, పొద్దున లేచింది మొదలు గుడ్డలకి మరకలు అంటించడమే పనిగా పెట్టుకున్న ఇంటికి కోడలిగా వచ్చాను. మా అత్తయ్య ఈ మాట వింటే ఊరుకోదు. "మరకంటే పడేది, రంగంటే పట్టేది. ఆ తేడా తెలియనిదానివి లాండ్రీలో ఏం ఉతుకుతున్నావో" అంటుంది.

మా ఇంట్లో చెత్తబుట్టకి పని తక్కువ. వంటింటి తలుపు వెనక సంచిలో ఉల్లిపొట్టు, పిట్టగోడ మీద ఎండుతూ దానిమ్మ తొక్కలు, జల్లెడలో టీ పిప్పి, కిటికీలో బంతి రేకులు. మా ఆయన చొక్కా మీద పోని మరక పడితే, నేను దాన్ని వదిలించే లోపే అత్తయ్య ఆ చొక్కాని టీ డికాక్షన్‌లో ముంచేసి, మరక కనపడకుండా మొత్తం చొక్కానే మరక చేసేస్తుంది. దిండు గలీబులు దానిమ్మ తొక్కతో, పరుపు దుప్పట్లు బంతి పూలతో. బీట్‌రూట్ అంటే ఆవిడకి గిట్టదు. కోసినంతసేపూ చేతికి అంటుకుని హడావిడి చేస్తుందిగానీ గుడ్డకి అంటితే ఒక్క ఉతుకుకే మొహం చాటేస్తుందట. పసుపు మీద కూడా నమ్మకం లేదు. అది ఎండ చూస్తే పారిపోతుంది, సబ్బు చూస్తే ఎర్రబడుతుంది. "వండుకోడానికే పసుపు. నమ్ముకోడానికి ఉల్లిపొట్టు" అని ఆవిడ తీర్మానం.

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు. మా ఇంట్లో మాత్రం తల్లే ఉల్లి చేత మేలు చేయించుకుంటుంది. వీధి మలుపులో కూరలమ్మే అతని దగ్గర అందరూ ఉల్లిపాయలు బేరమాడతారు, ఈవిడ బస్తా అడుగున మిగిలిన పొట్టు బేరమాడుతుంది. వీధిలో వాళ్ళు వెనక రంగులమ్మ అని పిలుస్తారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, లోపల సంతోషమే.

ఆ ఉల్లిపొట్టుతో వచ్చే పసుపుని మేం మా ఇంటి రంగు అంటాం. నిమ్మపండు పసుపు కాదు, పసుపుకొమ్ము పసుపూ కాదు. బాగా కాగిన నెయ్యిలో కాస్త ఎరుపు కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కొత్త గుడ్డని ఉడికించి గంజి వదలగొట్టాలి. దానిమ్మ తొక్క నీళ్ళలో నానబెట్టాలి. పటిక నీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. అప్పుడు పెద్ద సత్తు గిన్నెలో ఉల్లిపొట్టు మరిగించి, వడగట్టి, ఆ నీళ్ళలో గుడ్డ వేసి కర్ర తెడ్డుతో తిప్పుతూ ఉండాలి. తిప్పే పని నాకు పెళ్ళయిన కొత్తలోనే దక్కింది. కానీ గుడ్డని ఎప్పుడు బయటికి తియ్యాలో చెప్పే హక్కు మాత్రం అత్తయ్యది. గిన్నెలోకి తొంగి చూసి, చూసి, "తియ్యి" అంటుంది. ఆ మాట ఆవిడ నోటి నుంచి రావాలి. ఎలా తెలుస్తుందత్తయ్యా అని అడిగితే, "చూస్తే తెలుస్తుంది" అనేది. అంతకు మించి పాఠం లేదు.

ఈ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ మొదటి పొత్తిగుడ్డ ఆ రంగుదే. అది అత్తయ్య పెట్టుకున్న పద్ధతి. బీరువా అడుగున మా ఆయనదీ, మా ఆడపడుచుదీ, ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయిదీ మడతపెట్టి ఉన్నాయి. మా ఆయనది అరిగిపోయి వెలుతురుకి పడితే అవతలి మనిషి కనిపిస్తాడు. అయినా మూడూ పక్కపక్కన పెడితే రంగులో వెంట్రుకవాసి తేడా లేదు.

ఇప్పుడు మా ఆడపడుచుకి నెలలు నిండుతున్నాయి. కాపురం రెండు వీధుల అవతలే. నాలుగో పొత్తిగుడ్డకి వేళయింది. ఇంట్లో అందరికీ దిగులూ పట్టుకుంది, ఎందుకంటే అత్తయ్య "తియ్యి" అనే మాట కొంతకాలంగా తొందరపడుతోంది.

మొదట దిండు గలీబులు పాలిపోయి వచ్చాయి. తరవాత దుప్పట్లు. ఆవిడ మాత్రం వాటిని వెలుగులో పట్టుకుని "చూడు, ఎలా పట్టిందో" అని మురిసిపోయేది. కళ్ళలో పొర వచ్చిందని మాకు అర్థమైంది. ఒకసారి మా ఆయన ధైర్యం చేసి, "అమ్మా, ఓసారి కళ్ళు చూపించుకుందామా" అన్నాడు. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అని ఆ పూటంతా కొడుకుతో మాట మానేసింది. అది పొగరు కాదు, భయం. ఆవిడ తల్లికి ఆఖరి రోజుల్లో చూపు పోయింది. ఆవిడకి ఈ రంగు నేర్పింది ఆ తల్లే. చూపు పోయాక ఆ తల్లి ఇక గిన్నె దగ్గరికి రాలేదట. ఆ కథ అత్తయ్య ఒక్కసారే చెప్పింది, చెప్పి వెంటనే మాట మార్చేసింది. అందుకే మేమెవ్వరం మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పొత్తిగుడ్డకి రంగు వేసిన రోజు నేను తెడ్డు తిప్పుతున్నాను. గుడ్డకి ఇంకా సగం రంగైనా ఎక్కకముందే "తియ్యి" అంది. తీశాను. పలచటి మజ్జిగలో చిటికెడు పసుపు పడినట్టుంది.

"ఎలా ఉంది?" అంది, దాన్ని కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని.

"బాగుందత్తయ్యా."

"బంగారంలా ఉంది" అని తనే సవరించింది.

రంగేసిన గుడ్డని వెంటనే ఉతక్కూడదు. వెనక వరండాలో నీడపట్టున తీగ మీద కొన్నాళ్ళు వేలాడాలి, రంగు కుదురుకోవాలి. అప్పటిదాకా మిగిలిన రంగునీళ్ళు కూడా అత్తయ్య పారబొయ్యదు, గిన్నెలోనే మూతపెట్టి ఉంచుతుంది. ఈ అలవాటే మమ్మల్ని ముంచింది.

మర్నాడు నాకు సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తయ్య రోజూ కూతురి దగ్గరికి వెళ్ళి సాయంత్రం వస్తుంది. మామయ్య పడుకున్నారు. నేను గిన్నె పొయ్యి మీద పెట్టి, సంచిలోంచి ఇంకో రెండు దోసిళ్ళ పొట్టు వేసి మరిగించి, వడకట్టి, గుడ్డని మళ్ళీ ముంచాను. ఇన్నేళ్ళలో మొదటిసారి పక్కన చెప్పేవాళ్ళు లేకుండా గిన్నెలోకి చూస్తూ నిలబడ్డాను. చెమటలు పట్టాయి. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ ఉండగా ఒక క్షణం వచ్చింది. ఇదే అనిపించింది. తీసేశాను. నీళ్ళు పిండి, మా ఆయన పాత పొత్తిగుడ్డ పక్కన పెట్టి చూస్తే, అచ్చం అదే. ఇస్త్రీ పెట్టెతో తడి ఆర్పేసి, అవే క్లిప్పులతో అదే తీగ మీద వేలాడదీశాను. లాండ్రీ కోడలు దొరకడం అత్తయ్య అదృష్టం అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ మెప్పు ఒక్కరోజు నిలిచింది. మర్నాడు షాపు నుంచి వచ్చి చూస్తే గుడ్డ బెల్లం రంగులో ఉంది. ఒక పక్క ముదురు, ఒక పక్క లేత. మూలన పురికొసతో గట్టి ముడి. ఆ ముడి అత్తయ్యే ఏదో గుర్తుకి వేసి ఉంటుందనుకున్నాను. నా మట్టుకు నాకు గుండెల్లో రాయి పడింది. పొట్టు ఎక్కువేశానా, అది ఆరాక ముదురుతోందా? ఎవర్ని అడుగుతాను? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఆ మర్నాటికి ఎండు గోరింటాకు పొడి రంగుకి దిగింది. పసుపన్న మాటే లేదు.

అత్తయ్య రోజూ పొద్దున్నే ఆ తీగ దగ్గర నిలబడి గుడ్డని చూస్తోంది. ఏమీ అనడం లేదు. ఆవిడ ఏమీ అనకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు. మామయ్య టీలో పంచదార ఎక్కువైందన్నా పోట్లాడలేదు. కూరలతను పొట్టు సంచి పంపిస్తే, "ఇక వద్దులే నాయనా" అని తిప్పి పంపింది. సాయంత్రానికి చూద్దును కదా, సత్తు గిన్నె శుభ్రంగా తోమి బోర్లించి ఉంది.

ఆ మరునాడు నేను కాస్త పెందలాడే ఇంటికి వచ్చాను. వంటింట్లో అత్తయ్య ఒక్కతే ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు చాచి, అరలో డబ్బాలు తడుముతోంది. "ఇది కందిపప్పు, ఇది ఉప్పు" అనుకుంటోంది. మూత తీసి వేలితో నాకి, "ఉప్పు కాదు, పంచదార" అని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

ఆవిడ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. దొరికిపోయిన చిన్నపిల్లలా నిలబడింది. తరవాత నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది.

"ఎవరికీ చెప్పకు. నా కళ్ళు పోతున్నాయి."

"అదేంటి?"

"ఆ పొత్తిగుడ్డ బంగారంలా తీశానా? నువ్వు కూడా చూశావుగా. మర్నాడు చూస్తే ఇంకాస్త ముదురు. ఆ మర్నాడు ఇంకా ముదురు. ఇవాళ చూస్తే నల్లగా, మసిగుడ్డలా కనిపిస్తోంది. ఆరిన గుడ్డకి రంగు మారదు కదా. అంటే మారుతున్నది నా చూపు. మా అమ్మకి ఇంత తొందరగా పోలేదు. ఆవిడ చూపు పోయాక డబ్బాలు తడుముకోవడం నేర్చుకుని నానా అవస్థా పడింది. నేను ముందే నేర్చుకుంటున్నా."

ఆవిడ మనసు నొప్పించకూడదని చేసిన పని, ఆవిడ చేత కళ్ళు మూసుకుని పంచదార నాకిస్తోంది.

"అత్తయ్యా, మీ కళ్ళు కాదు. నేనే ఆ గుడ్డని మళ్ళీ ముంచాను. నిజం."

ఆవిడ నా మొహంలోకి జాలిగా చూసింది. "నన్ను ఓదార్చడానికి ఎంత మాటైనా అంటావు. ఒక్క ముంపుకి ఇంత నలుపు రాదమ్మా. నా కళ్ళు పోయాయేమోగానీ ఉల్లిపొట్టు సంగతి నాకు తెలియదా?"

నిజమే. నాకూ అదే అనుమానం. తిన్నగా వరండాలోకి వెళ్ళి గుడ్డని తీగ మీద నుంచి లాగి అంచు నుంచి అంచుకి వెతికాను. కింది అంచు మీద చిన్న చిన్న చుక్కలున్నాయి, మధ్యలో నలుపు, చుట్టూ గోధుమ రంగు. ఇది నాకు అన్నం పెట్టే మరక. ఇనుప తుప్పు. ఉల్లిపాయకి తుప్పు పట్టదు.

సాయంత్రం టీ వేళకి అందర్నీ కూర్చోబెట్టాను. మా ఆడపడుచు కూడా వచ్చింది. గుడ్డని బల్ల మీద పరిచి, "దీన్ని నేను ఒకసారి ముంచాను. నా తరవాత ఎవరు ముంచారు?" అన్నాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మా ఆయన మెడ వెనక గోక్కున్నాడు. మామయ్య తల ఎత్తి ఫ్యాను రెక్కల వైపు దీక్షగా చూడసాగారు.

"నేనూ ఒకసారి" అన్నాడు మా ఆయన. ఆయన ఎలక్ట్రీషియన్. "మధ్యాహ్నం భోజనానికి వచ్చా. గుడ్డ కాస్త తక్కువ రంగుగా అనిపించింది. పొయ్యి వెలిగిస్తే నాన్న లేస్తారని, నీళ్ళు కాచుకునే రాడ్డు ఉంది కదా, అది గిన్నెలో పెట్టా."

"కరెంటు రాడ్డా?" అంది అత్తయ్య.

"అందుకే చెయ్యి పెట్టకుండా గుడ్డ మూల పురికొసతో కర్రకి కట్టి దించానమ్మా. కర్ర నుంచి కోసేశానుగానీ ముడి రాలేదు."

"నేను వేసిన రంగు మీద నువ్వు మళ్ళీ వేశావన్నమాట" అన్నాను. "సరిగ్గా కుదిరిన గుడ్డ తక్కువగా ఎలా అనిపించింది?"

"నువ్వు ముంచావని నాకేం తెలుసు? అమ్మ వేసిందంటే తక్కువే ఉంటుందనుకుని..." అని నాలుక కరుచుకున్నాడు.

అత్తయ్య ఆ మాట పట్టించుకోలేదు. మామయ్య వైపు తిరిగింది. "ఏవండీ, మీరు?"

మామయ్య వడ్రంగం మేస్త్రీ. పని మానేసినా పాత మేకుల డబ్బా మాత్రం మానలేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన సత్తు గిన్నె ఛాయలకి వెళ్ళిన పాపాన పోలేదు. "రంగు గట్టిగా పట్టాలంటే గిన్నెలో నాలుగు మేకులు వెయ్యాలని మీ అమ్మే ఒకప్పుడు అనగా విన్నాను" అన్నారు.

"నలుపు కావాలంటే వెయ్యాలంది. పసుపుకి వేస్తే చస్తుందని కూడా అంది."

"అంతదాకా విన్లేదు. మధ్యలో భోజనానికి పిలిచారు."

మా ఆడపడుచు పొట్ట పట్టుకుని నవ్వింది. అత్తయ్య ఆ గుడ్డని రెండు చేతులతో తీసుకుని మా మొహాల్లోకి ఒక్కొక్కరి వైపూ చూసింది. తిడుతుందనుకున్నాను. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు, పెదాల మీద నవ్వు. "అయితే గుడ్డే మారింది. నా కళ్ళు పోవడం లేదు" అంది. మామయ్య భుజం మీద ఒక్కటిచ్చింది. "మేకులేశారా. నన్ను మూడు పూటలు ఏడిపించారు కదండీ" అని మళ్ళీ ఒక్కటిచ్చింది. లేచి వెళ్ళి సత్తు గిన్నెని వెల్లకిలా తిప్పి పెట్టి, అందరికీ రెండోసారి టీ పొయ్యడం మొదలుపెట్టింది.

ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేది. ఆవిడ అంత సంతోషంగా ఉంది. కానీ అబద్ధం ఒక్కటి ఇంకా మా మధ్యన బాసింపట్టు వేసుకుని కూర్చుంది, పిల్లి మెడలో గంట ఎవరు కడతారా అని మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం. గంట చివరికి పిల్లే కట్టుకుంది. మామయ్య గ్లాసులో టీ పోస్తూ పోస్తూ ఆగిపోయింది.

"ఉండండి. అసలు ముగ్గురూ ఎందుకు ముంచారు?"

నోట్లో నువ్వుగింజ నానని మా ఆడపడుచు కూడా గాజులు సవరించుకుంటూ కూర్చుంది.

"నువ్వు చెప్పు" అంది నాతో.

"మీరు తీసినప్పుడు పాలిపోయి ఉందత్తయ్యా."

"బాగుందన్నావుగా."

"అబద్ధం చెప్పాను."

కొడుకు వైపు చూసింది. ఆయన తలూపాడు. కూతురి వైపు చూసింది. ఆఖరికి మామయ్య వైపు చూసింది. "మీరైనా చెప్పలేదేం?"

"చెబితే గిన్నె బోర్లిస్తావని" అన్నారాయన. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "గిన్నె బోర్లిస్తే నువ్వు నువ్వుగా ఉండవు. అది చూడలేను."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"దిండు గలీబులప్పటి నుంచి" అన్నాను.

ఆవిడ లెక్కలు వేసుకుంటోందని తెలిసింది. ఆ గలీబులు, దుప్పట్లు ఎవరెవరికి ఇచ్చిందో గుర్తు చేసుకుంటోంది. "ఊరంతా పంచాను కదే" అంది మెల్లిగా. టీ గిన్నె బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నాకు నా నాలుక కోసి పారేసుకోవాలనిపించింది. రాత్రి భోజనానికి వచ్చింది, తిన్నది, పడుకుంది.

తెల్లారి నేను లేచేసరికి ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"కళ్ళ డాక్టరు దగ్గరికి ఎవరొస్తున్నారు నాతో? ఒక్కరు చాలు. మిగతా ఇద్దరూ ఇంట్లోనే ఉండండి, కానీ నేను వచ్చేలోపు ఏదీ ముంచకండి."

నేనే వెళ్ళాను. డాక్టరమ్మ దీపం వేసి చూసి, పొర పచ్చగా ముదిరిందనీ, దాని వెనక నుంచి చూస్తే తెల్లటిది కూడా పచ్చగానే కనిపిస్తుందనీ చెప్పింది. ఆ పొర తీసెయ్యడం పెద్ద పనేం కాదంది. అత్తయ్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, "తీసేశాక రంగులు ఉంటాయా?" అని అడిగింది. "మీ రంగులు ఎక్కడికీ పోలేదమ్మా, తలుపు మూసుకుంది, అంతే" అంది డాక్టరమ్మ. ఇంటికి వచ్చాక ఆ మాటలు మామయ్యకి చెబితే, "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. నీకు కామెర్లు రాకుండానే ఆ భోగం పట్టింది" అన్నారు. అత్తయ్య నవ్వింది. అప్పుడు నాకు ఊపిరి అందింది.

ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పి ఇంటికి తీసుకొస్తే, గుమ్మంలోనే ఆగిపోయింది.

"గోడలకి సున్నం ఎప్పుడు వేయించారు?"

వేయించి ఏళ్ళయింది. ఎవరం ఏమీ అనకముందే మామయ్యని చూసి, "ఈ ముసలాయనెవరు?" అంది.

"నిన్నగాక మొన్న నిన్ను పెళ్ళాడినవాణ్ణి" అన్నారు మామయ్య.

కాళ్ళు కడుక్కోకుండానే ఆ పొత్తిగుడ్డ తెమ్మంది. బీరువాలోంచి మా ఆయన పాత గుడ్డ కూడా తెమ్మంది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని గుడ్డని ఒళ్ళో పరుచుకుని చూస్తూ కూర్చుంది. కట్టు విప్పిన కంటితో చూస్తోంది, రెండో కన్ను మూసుకుని. చుట్టూ మేం పరీక్ష రాసిన పిల్లల్లా నిలబడ్డాం.

"ఈ పక్క ముదురు, ఆ పక్క లేత. ఒకే వైపు వేడి తగిలింది. ఇది నా కొడుకు రాడ్డు ఘనత." వేలు అంచు మీదికి జరిగింది. "ఇవి మేకులు. ఈయన సంతకం చేసి మరీ వెళ్ళారు." మూలన ఉన్న పురికొస ముడి దగ్గర ఆవిడ వేలు ఆగింది. గోటితో లాగింది, రాలేదు. కత్తెర అడిగి తీసుకుని, గుడ్డ తెగకుండా జాగ్రత్తగా దారం కత్తిరించి మడతలు విప్పింది.

ముడి లోపలికి మా ఆయన ముంచిన రంగూ వెళ్ళలేదు, మామయ్య తుప్పూ వెళ్ళలేదు. గోరింటాకు పొడి రంగు మధ్యలో, ఆ మూలన గాజంత మేర, ముడతలు ముడతలుగా, పసుపు మిగిలిపోయి ఉంది. నేను తీసిన రోజు ఎలా ఉందో అలాగే.

అత్తయ్య మా ఆయన పాత పొత్తిగుడ్డని తీసి దాని పక్కన ఆనించింది. కొత్త చూపుతో ఒకసారి, కన్ను మార్చి పాత చూపుతో ఒకసారి, మళ్ళీ కొత్త చూపుతో.

"ఇది నీ ముంపా?"

"అవునత్తయ్యా."

"పక్కన ఎవరూ లేరా?"

"లేరు."

"మరి ఎప్పుడు తియ్యాలో నీకెలా తెలిసింది?"

నిజమే చెప్పాను. "చూస్తే తెలిసింది."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు వెల్లకిలా తిప్పి చూసి, వదిలేసింది. పెళ్ళయినప్పటి నుంచి ఈ ఇంట్లో నేను ఎన్ని పనులు చేసినా, ఆ చూపు నాకు దక్కింది ఆ రోజే. దానికోసం ఎంత ఎదురుచూశానో అది దొరికాకే తెలిసింది నాకు.

ఆ గుడ్డనే బిడ్డకి ఉంచుదాం, అందరి చేతులూ పడ్డాయి కదా అన్నాడు మా ఆయన, రాగాలు తీస్తూ. అత్తయ్య ఒక్క దెబ్బకి కొట్టిపారేసింది. "మేకు తుప్పులో నా కూతురి బిడ్డని చుట్టనా? కావాలంటే మీ నాన్న మెడకి చుట్టండి." మామయ్య దాన్ని సంతోషంగా తీసుకుని భుజాన వేసుకున్నారు. ఇప్పటికీ పొద్దున నడకకి అదే వేసుకుని వెళతారు. ఈ రంగు ఎక్కడ దొరికిందని ఎవరైనా అడిగితే, ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు అని చెప్పి ముందుకు సాగిపోతారు.

కొత్త గుడ్డ తెచ్చాం. కూరలతను పొట్టు పంపాడు, ఈసారి బస్తాడు. చిక్కేమిటంటే కంటికి ఆవిరి, పొగ తగలకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పుట్టబోయే బిడ్డ డాక్టరమ్మ మాట వినదు కదా, ఆగదు. అందుకని అత్తయ్య నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వరండా గుమ్మం అవతల కుర్చీలో కూర్చుంది. నేను గిన్నె దగ్గర తెడ్డుతో నిలబడ్డాను. మామయ్య, మా ఆయన గుడ్డ ఎత్తడానికి చెరో కర్రా పట్టుకుని చెరో పక్కా నిలబడ్డారు. రాడ్డు, మేకుల డబ్బా అత్తయ్య కుర్చీ కింద ఉన్నాయి, ముందు జాగ్రత్తగా.

గుడ్డ నీళ్ళలో తిరుగుతోంది. పాల రంగు పోయింది. గడ్డి రంగు వచ్చింది. ఇదివరకైతే ఇక్కడే "తియ్యి" అనే మాట వినపడేది. నేను గుమ్మం వైపు చూశాను. ఆవిడ అద్దాలు నుదుటి మీదికి ఎత్తింది. గిన్నె వైపు మెడ చాచింది. నోరు తెరిచింది. అంత దూరం నుంచైనా ఇప్పుడావిడకి రంగు బాగానే కనిపిస్తుంది, ఆ సంగతి నాకూ తెలుసు. తెరిచిన నోరు మూసుకుని, అద్దాలు మళ్ళీ కిందికి దించేసుకుంది.

"నన్ను చూస్తావేం? గిన్నెలోకి చూడు" అంది.

చూశాను. ఇంకొంచెం. మామయ్య కర్ర కదిలించబోతే ఆగమన్నాను. ఇంకొంచెం. ఉల్లిపొట్టు వాసన కళ్ళ నిండా, ముక్కు నిండా ఉంది. అప్పుడు వచ్చింది ఆ క్షణం.

"తియ్యండి" అన్నాను.

ఇద్దరూ ఒక్కసారిగా ఎత్తారు. నీళ్ళు ధారగా కారుతున్న గుడ్డని గుమ్మం దగ్గరికి పట్టుకెళ్ళాం. అత్తయ్య అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తడిగుడ్డ అంచు వేళ్ళ మధ్య పట్టుకుని వెలుగులోకి ఎత్తింది. ఆవిడ చీర మీద, పాదాల మీద పసుపు చుక్కలు పడుతున్నాయి, పట్టించుకోలేదు.

"ఎలా ఉంది?" అని నన్నే అడిగింది.

"బాగుందత్తయ్యా."

ఈసారి ఆవిడ సవరించలేదు.